కొళాయి దగ్గరి మాటు

ఆరేళ్ల కూతురు రంజిత రక్తంలో సీసం ఉందని బెంగళూరు డాక్టరు చెప్పినప్పుడు ప్రమోదకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఏడు నెలలుగా పిల్ల కడుపునొప్పని మెలికలు తిరుగుతుంటే అత్త పార్వతమ్మ దిష్టి అంది. భర్త రాఘవేంద్ర బడి ఎగ్గొట్టే వేషాలన్నాడు. వేసవి సెలవుల్లో ధర్మవరంలో పుట్టింట్లో నెల రోజులుంటే నొప్పి తగ్గింది. హిందూపురం తిరిగొచ్చిన పది రోజులకే మళ్లీ మొదలైంది. ఆ సంగతి చెబితే, మీ అమ్మ గారాబం అని కొట్టిపారేశారు.

"ముందు పిల్ల తాగే నీళ్లు పరీక్ష చేయించండి," అన్నాడు డాక్టరు.

రాఘవేంద్ర ఫిల్టర్లు అమ్మే నరేష్‌ను పిలిపించాడు. అతను పెన్నులాంటి మీటరు గ్లాసులో ముంచి, "నూట ఇరవై చూపిస్తాందక్కా. మంచి నీళ్లు," అన్నాడు.

"దాంట్లో సీసం తెలుస్తాదా?"

"టీడీఎస్ తెలుస్తాదక్కా, నీళ్లలో కరిగిన ఉప్పులు."

"నేనడిగింది సీసం!"

"టీడీఎస్ బాగుంటే అన్నీ బాగున్నట్లే గదా."

మర్నాడు ప్రమోద వంటింట్లో తాగే నీళ్ల రాగి డ్రమ్ములోంచి ఒక బాటిలు, వీధి కొళాయి నుంచి ఒక బాటిలు పట్టుకుని పెనుకొండ బస్సెక్కింది. అక్కడి నీళ్ల పరీక్ష ఆఫీసులో, "ఫ్లోరైడు, ఉప్పు చూస్తామమ్మా. సీసం చూసే మిషను ఈడ లేదు," అన్నారు. మరి యాడుందంటే ఒకరు పక్కవాణ్ని చూపించారు, ఆయనేమో టీకి పోయినాయనకు తెలుసన్నాడు. గంటన్నర కూర్చుంటే చీటీ మీద రాసిచ్చింది బెంగళూరు ల్యాబు అడ్రసు. పొద్దున బస్సు అటే ఎక్కి ఉంటే ఈపాటికి పని అయిపోయేది.

బాటిళ్లు ఆ ల్యాబులో ఇచ్చిన తొమ్మిది రోజులకు రిపోర్టు వచ్చింది. వీధి కొళాయి నీళ్లలో సీసం లేదు. డ్రమ్ము నీళ్లలో ఉండొచ్చన్న పరిమితికి పన్నెండింతలుంది.

"రాగిలో సీసం యాడిదే? ఆరోగ్యమని నేనే గదా తెచ్చింది," అన్నాడు రాఘవేంద్ర.

ప్రమోద డ్రమ్ము వంచి లోపలికి ఫోన్ లైటు వేసింది. డ్రమ్ముకున్న కొళాయి మొదట్లో బొటనవేలంత బూడిదరంగు ముద్ద.

"ఇదేమి?"

"శివరాత్రప్పుడు కారుతాంటే మాటు వేయించినా."

"దేంతో?"

"మాటంటే దేంతో వేస్తారే, సీ..." అని నోరు మూసుకున్నాడు.

"కొత్త కొళాయి పెట్టించినానని చెప్తిరి గదా నాకు!"

"కొత్తది రావాలంటే వారం పడ్తాదన్యాడు. కారకుంటే చాలనుకుంటి."

డ్రమ్మును ఆమె పెరట్లోకి ఈడ్చుకుపోతుంటే పార్వతమ్మ అడ్డం వచ్చింది. "తోమి పెట్టమ్మా, పూజకన్నా పనికొస్తాది."

"రేపు ఆ నీళ్లే తీర్థమని పిల్లకు పోస్తావత్తా."

రాఘవేంద్ర నసుగుతూ ఇంకో మాట చెప్పాడు: ఆ మాట్లేసేవాడు అదే రోజు వీధిలో ఇంకో నాలుగిళ్ల డ్రమ్ములకు వేసి పోయాడట. ప్రమోద చెప్పులేసుకుని పక్కింటికి నడిచింది.

"మా ఇంట్లో ఎవరికీ ఏం కాలేదు. ఊరికే భయపెడ్తాండావు," అంది యల్లక్క. ఆమె కోడలు సుధారాణి నిండు గర్భిణి, అప్పుడే డ్రమ్ము దగ్గర గ్లాసు నింపుకుంటోంది. ప్రమోద ఆ గ్లాసు లాక్కుని, మూత తీసి, "రా, చూడు," అంది. యల్లక్క తొంగి చూసింది. తర్వాత డ్రమ్మంతా మోరీలోకి వంచేసింది. మిగతా మూడిళ్లలో ఒకరు విన్నారు, ఇద్దరు వినలేదు. ప్రమోద ఆ ఇద్దరి దగ్గరికీ రోజూ పోయింది, విసుక్కుని వాళ్లే డ్రమ్ములు తీసేసేదాకా.

మూడు నెలలకు రంజిత రక్తంలో సీసం సగానికి దిగింది. మిగతాది దిగడానికి చాలా కాలం పడుతుందన్నాడు డాక్టరు. రాఘవేంద్ర మాత్రం తన బట్టల దుకాణానికొచ్చిన వాళ్లందరికీ, "సరైన టయానికి మేమే కనుక్కున్యాం," అని చెప్పుకుంటున్నాడు.

"మేమా?" అంది ప్రమోద ఒకరోజు, గల్లా పక్కన నిలబడి.

అతను బట్ట మడతపెట్టడంలో మునిగిపోయాడు.