ఐదో అంతస్తు కిటికీ

మధ్యాహ్నం రెండయ్యేసరికి అది నాలుగో ఇల్లు, ఐదో అంతస్తు. లిఫ్టు చెడిపోయింది. పనిముట్ల సంచీ, గ్యాస్ సిలిండరూ మోసుకుంటూ మెట్లెక్కేసరికి బావకి తల ప్రాణం తోకకొచ్చింది. ముందు నడుస్తున్న బావమరిది, రేడియోలైతే కూర్చున్న చోటికే వచ్చేవి కదా బావా అని నవ్వాడు.

ఇరవై రెండేళ్లు రేడియోలు బాగుచేసిన మనిషి బావ. వాటిని అడిగే నాథుడు లేక కొట్టు మూసేసి, నలభై ఆరో ఏట, తను ఎత్తుకు తిప్పిన బావమరిది దగ్గరే ఏసీల పని నేర్చుకోవడానికి చేరాడు. రెండు నెలలైంది. బావమరిదికి రోజుకి ఎనిమిది వందలు, నేర్చుకునేవాడు కనక అతనికి మూడు వందలు. అదీ ఆరు ఏసీలు పూర్తయితేనే. మొదట్లో సిగ్గుతో అన్నం సహించలేదు. తర్వాత పనే అతన్ని లాక్కుంది. రాగి గొట్టాలు అతకడం వచ్చింది. మోత విని జబ్బు చెప్పడం బావమరిది కంటే బాగా వచ్చింది. రానిదల్లా ఒక్కటే, కిటికీ దాటి, బయట గోడకి బిగించిన యూనిట్ పక్కన నిలబడడం. అది ఇన్నాళ్లూ బావమరిదే చేస్తున్నాడు.

తలుపు తీసిన పెద్దాయన కళ్లు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. లోపలి గదిలో ఆయన భార్య మంచాన పడి ఉంది. ఆమె నుదుటి మీద తడిగుడ్డ అప్పుడే ఆరిపోయింది.

బావ చెవి ఒగ్గి విన్నాడు. కెపాసిటర్ పోయింది. పది నిమిషాల పనే, కానీ అది బయట యూనిట్లో ఉంది. కిటికీలోంచి వంగి, యూనిట్‌ని మోస్తున్న ఇనుప కమ్మీని స్క్రూడ్రైవరుతో తట్టాడు. తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడి కిందకి రాలింది. ఒక బోల్టు వేలితో తిప్పితేనే తిరిగింది.

వీళ్లకి పనులిచ్చే కాంట్రాక్టరు దగ్గర మూడు జట్లకీ కలిపి, పడిపోకుండా కట్టుకునే నడుము బెల్టు ఒక్కటే. అది ఇవాళ వేరే జట్టుతో ఊరవతల ఉంది. సోమవారం వాళ్లతో పనిచేసేవాడొకడు రెండో అంతస్తు నుంచి జారి కాలు విరగ్గొట్టుకుంటే, చూసుకోవద్దూ అని విసుక్కుని, వాడు చెయ్యాల్సిన ఇళ్లు కూడా వీళ్లకే అప్పగించాడు కాంట్రాక్టరు. ఈ ఇల్లు వాటిలోదే.

బావమరిది చొక్కా చేతులు మడిచి, కిటికీ గడప మీద కాలు వేశాడు. బావ అతన్ని నడుం పట్టుకుని లోపలికి లాగి, రెక్కలు మూసి, గడియ వేసి దానికే వీపు ఆనించి గడప మీద కూర్చున్నాడు.

"లే బావా. నిన్నగాక మొన్న నేర్చుకున్నావు, నాకు చెప్తావా?"

"అన్నీ నేర్చుకున్నాను, బెల్టు లేకుండా దిగడం ఒక్కటీ నేర్చుకోను. నిన్నూ చెయ్యనివ్వను."

బావమరిది ఫోన్ చేశాడు. అరగంటలో పని అవకపోతే పనిముట్లు ఇచ్చేసి ఇళ్లకి పొమ్మన్నాడు కాంట్రాక్టరు. బావమరిది ముఖం నల్లబడింది. ఇంట్లో అతని భార్యకి ఎనిమిదో నెల. ఆ సంగతి తెలీదా నీకు అన్నట్టు చూశాడు. తెలుసు కాబట్టే బావ లేవలేదు.

పెద్దాయన చేతులు జోడించబోయాడు. బావ ఆ చేతులు పట్టుకుని దించాడు. బెల్టు వచ్చిన గంటలో నేనే వచ్చి చేస్తాను, ఆవిడకి ఉక్క పోస్తోందని నాకూ కనబడుతోంది అన్నాడు. పాత టేబుల్ ఫ్యాను ఏదైనా పడుందేమో చూడమన్నాడు. పెద్దాయన మంచం కింద నుంచి తిరగని ఫ్యానొకటి లాగి తెచ్చాడు. బావ కిటికీని వదలకుండానే దాన్ని ఒళ్లో పెట్టుకుని విప్పి, బిగుసుకుపోయిన ఇరుసులో నూనె చుక్కలు వెయ్యసాగాడు.

కాసేపటికి ఫ్యాను రెక్కలు మూలుగుతూ కదిలాయి. లోపలి గదిలోంచి ఆవిడ ఏమిటా చప్పుడు అని అడిగింది.

బావమరిది జేబులో ఫోను మోగింది. ఆగి మళ్లీ మోగింది. అతను తియ్యలేదు. అలాగని బావ పక్కన కూర్చోనూ లేదు.