కట్టుడు పళ్ల మీద నింద

ఉప్పల్‌లో పెళ్లి బ్యాండు నడిపే నరసింహమూర్తికి సంగీతం ఎంత తెలుసో నాకు తెలియదు గానీ, తెలుసునని చెప్పుకోవడం మాత్రం బాగా తెలుసు. కార్డు మీద ‘సంగీత దర్శకులు’ అని అచ్చు వేయించుకున్నాడు. ఆ దర్శకత్వమంతా బరాతు ఊరేగింపు ముందు చేతికర్ర తిప్పుతూ వెనక్కి వెనక్కి నడవడమే. ఒకసారి అలాగే నడిచి టిఫిను బండి మీద పడ్డాడని కూడా విన్నాను.

ఆ సోమవారం పొద్దున పదింటికి ఆయన నాచారంలో మా షెడ్డుకు వచ్చాడు. వెనకాల ట్రంబోను పెట్టె మోసుకుంటూ పోశయ్య. మా ఆయన చంద్రయ్య ఇరవై ఏళ్ల పాటు బ్యాండు వాయిద్యాల సొట్టలు తీసి, మాట్లు వేసిన షెడ్డు అది. ఆయన పోయిన తర్వాత ఆ పని నేనే చేస్తున్నాను. అయినా వచ్చినవాళ్లలో సగం మంది నా తల మీదుగా లోపలికి చూస్తారు.

నరసింహమూర్తీ అలాగే చూశాడు. “ఎవరూ లేరామ్మా?”

“నేనున్న గద.”

“అదే... పని తెలిసినవాళ్లు?”

“ఆమెకే తెలుసు మాస్టరు,” అన్నాడు పోశయ్య మెల్లగా. “నర్సమ్మ వదినె చేతిల పడితే సచ్చిన బూర గూడ లేస్తది.”

ట్రంబోను అంటే బ్యాండులో ముందు వరసలో గొట్టాన్ని ముందుకూ వెనక్కీ జరుపుతూ ఊదే పొడుగాటి ఇత్తడి బూర. పోశయ్య దాన్ని ముప్పై ఏళ్లుగా ఊదుతున్నాడు. రెండు నెలలుగా అందులోంచి స్వరంతో పాటు సీసాలో ఈగ చిక్కుకున్నట్టు ‘జిర్ర్’ మని ఒక చప్పుడు వస్తోంది. పోశయ్య పైవరస కట్టుడు పళ్లు పెట్టించుకున్నది శ్రావణంలో. చప్పుడు మొదలైందీ శ్రావణంలోనే. నరసింహమూర్తికి ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది.

“వాయిద్యంలో లోపం లేదు. లోపం ఆ నోట్లో ఉంది,” అన్నాడు స్టూలు తుడుచుకుని కూర్చుంటూ. “మావాళ్లు ఒకసారి చూపించమని గొడవ పెడితే తెచ్చాను. ట్రంబోను బాగానే ఉందని ఒక్క మాట చెప్పమ్మా, చాలు. గురువారం పోచారంలో పెళ్లి. ఈయన బదులు కీబోర్డు పెట్టేస్తాను. మీట నొక్కితే ట్రంబోను వస్తుంది. దానికి పళ్లుండవు.”

పోశయ్య తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. అన్నేళ్లు పెళ్లికొడుకులను గుర్రాల మీద ఊరేగించిన మనిషి, తన నోటి గురించి పరాయి మనిషి తీర్పు చెబుతుంటే నోరు తెరవలేదు. నాకు అది కూడా నచ్చలేదు.

“ఊదు పోశన్నా. కింద నుంచి మీదికి.”

ఊదాడు. సా శుభ్రంగా ఉంది. గా శుభ్రంగా ఉంది. పా దగ్గర ‘జిర్ర్’ మంది.

నరసింహమూర్తి కళ్లు మూసుకుని తల ఊపాడు. “విన్నావుగా? పళ్లు.”

“పండ్లయితే పా కాడనే ఎందుకు మోగుతయి మాస్టరు? సా ఊదేటప్పుడు తీసి జేబుల పెట్టుకుంటున్నడా?”

చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో చెవికి సరిగా తెలియదు. వేలికి తెలుస్తుంది. పోశయ్యను ఆ ఒక్క పా స్వరమే ఊదుతూ ఉండమని, ఒక్కో చోట గట్టిగా నొక్కి పట్టాను. రెండు గొట్టాలను కలిపే అడ్డకడ్డీల మాటు ఊడితే మోగుతుంది. ఊడలేదు. ఉమ్మినీరు వదిలే చిన్న మూత బిరడా అరిగితే మోగుతుంది. అరగలేదు. బూర అంచు మడతలో ఉండే తీగ వదులైనా మోగుతుంది. అంచంతా చేత్తో తడిమాను. అదీ బిగువుగానే ఉంది.

“ఏం వెతుకుతున్నావమ్మా, పేలా?” అన్నాడు సంగీత దర్శకుడు.

“మీరు ఊదున్రి మాస్టరు.”

“నేనా?”

“చిన్నప్పుడు ట్రంపెట్ ఊదిన్నని అందరికీ చెప్తరు గద. పా ఒక్కటి ఊదున్రి.”

కాదనలేకపోయాడు. మూతిపెట్టే భాగాన్ని రుమాలుతో మూడుసార్లు తుడిచాడు. మొదటిసారి ఉత్త గాలి వచ్చింది. రెండోసారి గాడిద వచ్చింది. మూడోసారి పా వచ్చింది, దానితో పాటు ‘జిర్ర్’ కూడా వచ్చింది.

“మీయి గూడ కట్టుడు పండ్లేనా మాస్టరు?”

పోశయ్య గోడ వైపు తిరిగి, పళ్లు జారకుండా చేయి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

“నాకు అలవాటు తప్పింది. అందుకే,” అన్నాడు నరసింహమూర్తి. ఒకే చప్పుడుకు ఆయన నోట్లో ఒక కారణం, పోశయ్య నోట్లో ఇంకో కారణం.

షెడ్డులో మరో బ్యాండువాళ్ల ట్రంబోను బాగై ఉంది. రెండింటి జారుడు గొట్టాలనూ మిగతా బూర నుంచి విప్పి, దాని గొట్టం పోశయ్య బూరకు, పోశయ్య గొట్టం దాని బూరకు తగిలించాను. పోశయ్య గొట్టంతో ఆ బూర చక్కగా పలికింది. ఆ గొట్టంతో పోశయ్య బూర మళ్లీ ‘జిర్ర్’ మంది. అంటే దొంగ జారుడు గొట్టంలో లేడు, బూరలోనే ఎక్కడో ఉన్నాడు. దారం కొసకు సీసపు గుండు కట్టి, వెనక గుడ్డ ముక్క కట్టి బూరలోకి వదిలాను. గుండు సగం దూరం పోయి ఆగిపోయింది. నేను కొక్కెం తీగ అందుకున్నాను.

నరసింహమూర్తి స్టూలు మీద నుంచి లేచాడు. “అక్కడ ఏమీ కెలకొద్దు!”

“ఏమున్నది ఆడ?”

“ఏమీ లేదు.”

“ఏం లేకపోతే ఎందుకు లేసిన్రు?”

కొక్కేనికి చిక్కి వచ్చింది వేలెడంత రాగి రేకు. చుట్టగా చుట్టి పసుపు దారం కట్టినది. దారం కుళ్లి తెగింది, చుట్ట విచ్చుకుంది, ఒక అంచు మాత్రం గొట్టానికి ఆనుకుంది. పా ఊదినప్పుడల్లా వణికింది ఆ అంచే.

పోశయ్య దాన్ని చూశాడు, తర్వాత మాస్టరును చూశాడు. “గిదేంది మాస్టరు?”

అప్పుడు బయటపడింది. నరసింహమూర్తి ఎవరో స్వామి దగ్గర ఎనిమిది రక్షరేకులు తెచ్చి, శ్రావణ శుక్రవారం నాడు ఎవరూ చూడకుండా ఎనిమిది పెద్ద వాయిద్యాల్లోకి తోశాడట. ఎవరికైనా చెబితే శక్తి పోతుందట.

“గది లోపల ఉన్నదని తెలిసి గూడ రెండు నెల్ల సంది ఆయన పండ్లను తిట్టిన్రా?”

“రేకు చప్పుడు చేస్తుందని ఎవరనుకుంటారు? దానికి నోరేముంది?”

“బూరకు నోరున్నదా మాస్టరు?”

‘దానికి నోరేముంది’ అన్నది ముప్పై మందితో ఇత్తడి ఊదించి బతికే మనిషి.

రేకు మీద మేకుతో గీసిన అక్షరాలున్నాయి. నాకు చదువు యాభై దగ్గర పడ్డాక వచ్చింది. అందుకని కంటబడ్డ అక్షరాన్ని ఊరికే వదలను. రేకును మోకాలి మీద చదును చేసి పైకే చదివాను.

“సంతోషి కిరాణం. మూషిక బాధ నివారణమగు గాక.”

రేకు మీద నుంచి తల ఎత్తి నరసింహమూర్తిని చూశాను.

“మూషికమంటే ఎలుక గద మాస్టరు? మీ బ్యాండుల ఎలుకలు పడ్డయా?”

ఏ కొట్టువాడో ఎలుకల కోసం చేయించి, తీసుకుపోకుండా వదిలేసిన రేకులను స్వామి ఈయనకు అంటగట్టాడన్నమాట. ఈయన ఒక్కదాన్నయినా విప్పి చూడలేదు. విప్పితే శక్తి పోతుంది కదా. నరసింహమూర్తి రేకును దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత తల ఎత్తాడు.

“స్వామివారి భాష పైకి ఒకటి, లోపల ఒకటి. ఇది కిరాణం కాదు, కిరణం. అంటే వెలుగు. మూషికం వినాయకుడి వాహనం. అంతా గుప్తం.”

“గదే అయ్యుంటది,” అన్నాడు పోశయ్య.

నేను పోశయ్య వైపు చూశాను. అతను నిజంగానే అన్నాడు.

బూర తుడిచి, గొట్టం తగిలించి అతని చేతికిచ్చాను. “ఊదు.”

పా ఊదాడు. పలచటి రేకు మాట దేవుడెరుగు, గాలి కూడా అడ్డం రాలేదు. ఎదురుగా లేతు మిషను నడిపే దుర్గేష్ మిషను ఆపి గుమ్మంలోకి వచ్చాడు. పోశయ్య ఊపిరి అయిపోయేదాకా ఊదాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కట్టుడు పళ్లు కదలలేదు.

“శబ్దం బాగానే ఉంది,” అన్నాడు నరసింహమూర్తి. “అయితే రక్ష లేని వాయిద్యం నా బ్యాండులోకి రాదు. రేకు మళ్లీ లోపల పెట్టమ్మా.”

“పెడితే మళ్ల జిర్రుమంటది.”

“పెట్టకపోతే గురువారం కీబోర్డే.”

పోశయ్య నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “పెట్టు వదినె. పా రాని పాటలే వాయించుకుంట.”

“పా రాని పాట ఏదున్నదయ్యా? రెండు నెల్లు తప్పు నీ పండ్లదంటే పడ్డవ్. ఇప్పుడు తప్పు ఎవరిదో కండ్ల ముందల ఉన్నది. ఇప్పుడు గూడ పడ్తవా? నేను పెట్టను. నా చెయ్యి తీసిందాన్ని నా చెయ్యి పెట్టది.”

నరసింహమూర్తి లేచి చొక్కా సర్దుకున్నాడు. పోశయ్య ఆయన వైపు చూశాడు, రేకు వైపు చూశాడు, నా కొక్కెం తీగ వైపు కూడా చూశాడు. ముప్పై ఏళ్లలో ఆ తల అంత పని చేసి ఉండదు.

“మాస్టరు, జర ఆగున్రి. రేకు నా టోపీల పెట్టుకుంటే?”

“టోపీలోనా?”

“యూనిఫారం టోపీ మాస్టరు. యూనిఫారం బ్యాండుదే గద. బూర నా మూతికాడ ఉంటది, రక్ష దాని మీదనే ఉన్నట్టు.”

సంగీత దర్శకుడు చాలాసేపు ఆలోచించాడు. ఎలుకల మందు మనిషి నెత్తి మీద పెడితే శాస్త్రం ఒప్పుతుందా లేదా అని కాబోలు.

“పైన ఉండటం ఇంకా మంచిది,” అన్నాడు చివరికి. “గురువారం ఐదింటికల్లా వచ్చెయ్.”

పోశయ్య ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నాకు తల ఊపాడు. వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి, “మాస్టరు మనసు మంచిదే వదినె,” అన్నాడు. నాకు సొట్ట తీయాల్సిన బూర ఇంకొకటి ఉంది. దాని మీద సుత్తి వేశాను.

గురువారం సాయంత్రం ఆరు దాటాక ఫోను మోగింది. పోశయ్య. డప్పులు, టపాసులు, జనం. ఫోను ఎవరి చేతికో ఇచ్చి పట్టుకోమన్నట్టున్నాడు. ఒక్క పా ఊది వినిపించాడు. పొడుగ్గా, గట్టిగా, కడిగిన గ్లాసులా ఉంది.

దాని వెనకాలే నరసింహమూర్తి గొంతు ఎవరికో చెబుతోంది:

“చూశారా? రేకు పని చేస్తోంది.”