జక్కయ్యగారి రెండో పరుగు

ఆదివారం ఆరాధన అయ్యాక మైకులో చెప్పింది "సాయంత్రం చర్చి గ్రౌండులో చైనా బేస్‌బాల్ మీద ప్రసంగం, ఆపైన ఆట" అని. మైకు గరగరలో సంపూర్ణమ్మ చెవికి చేరింది మాత్రం "చైనా బేసిన్లు" అని. ఆ చెవిలోంచి బయల్దేరిన కబురు ఆటోనగర్ వెనక సందులన్నీ చుట్టొచ్చింది. సాయంత్రానికి ఆడవాళ్ళు సంచులతో సహా దిగిపోయారు.

వ్యాయామం మాస్టారు యేసుకుమార్ మురిసిపోయాడు. బేరానికొచ్చిన జనాన్ని చూసి బేస్‌బాల్‌కొచ్చిన జనమనుకున్నాడు. అతనికి జనం కావాలి మరి. తను కూడగట్టిన ఆడపిల్లల జట్టుకున్నది ఈ గ్రౌండొక్కటే. సంఘపెద్ద జక్కయ్యగారేమో వచ్చే వారం నుంచి దాన్ని క్రికెట్ కుర్రాళ్ళకిచ్చేద్దామంటున్నారు. ఇవాళ ఆయన మనసు మారకపోతే జట్టు జట్టంతా ఇంటికే.

"చైనాకి ఈ ఆట తెచ్చిందెవరనుకున్నారు? షాంఘైలో ఓ మిషనరీ డాక్టరండి, నూట అరవై ఏళ్ళ కిందట" అని మొదలెట్టాడు. ముందు వరసలో తలలు ఊగాయి. "అమెరికా చదువుకెళ్ళిన చైనా కుర్రాళ్ళు అక్కడా జట్టు కట్టారు. మధ్యలో కొన్నేళ్ళు సర్కారే వద్దంటే ఆట ఆగిపోయింది. డెబ్బైల్లో మళ్ళీ మొదలెట్టారు. రెండు వేల రెండులో లీగు పెట్టుకున్నారు. బీజింగ్ ఒలింపిక్స్‌లో తైవాన్నే ఓడించారండి."

"అదంతా బానే ఉంది గానీ, సరుకెప్పుడు దింపుతావబ్బాయ్?" అంది సంపూర్ణమ్మ.

"ఇదిగో, దింపుతున్నా పిన్నిగారూ" అని అతను జట్టుని దింపాడు.

జక్కయ్యగారు లేచి చొక్కా చేతులు మడిచారు. "కుర్రతనంలో ఓపెనర్ని నేను. మీ పిల్లలు నన్ను ఔట్ చేస్తే గ్రౌండు మీదే. చెయ్యలేకపోతే ఇంకోసారి అడక్కూడదు."

"అలాగే అంకుల్. రూల్స్ చెప్పమంటారా?" అంది బంతి విసిరే వినీల.

"నాకా?"

వినీల చెప్పలేదు, విసిరింది. జక్కయ్యగారు బాదిన బాదుడుకి బంతి ప్రహరీ గోడ దాకా దొర్లింది. యేసుకుమార్ గుండె కూడా దానితోపాటే దొర్లింది. ఆయన బ్యాటు చంకన పెట్టుకుని పరిగెత్తి, లారీ టైరు కోసి చేసిన మొదటి బేస్‌ని బ్యాటుతో తాకి, "రెండోది ఉంది, రెండోది ఉంది" అని తనకు తనే కేకేసుకుంటూ వెనక్కి తిరిగారు.

సగం దారిలో వినీల నిలబడి ఉంది, గోడ దగ్గర్నుంచి వచ్చిన బంతి గ్లవ్‌లో పట్టుకుని. ఆ గ్లవ్‌తోనే ఆయన భుజం మెల్లగా తట్టింది.

"ఔటండి అంకుల్. బేస్ మీద లేనప్పుడు బంతితో ముట్టుకుంటే ఔటే."

"అదేంటి, రెండో రన్నుకి వస్తున్నాగా?"

"ఇందులో వచ్చిన దారిన వెనక్కి రాకూడదండి. రెండో బేస్ అటుంది. మూడూ చుట్టి మళ్ళీ ఇక్కడికి, హోమ్‌కి, రావాలి."

ఆయన రొప్పుతూ రెండో బేస్ వంక, మూడో బేస్ వంక చూశారు. "చుట్టూ తిరిగొస్తేగానీ ఇల్లు చేరమన్నమాట." బ్యాటు వినీల చేతికిచ్చి, "చైనావాళ్ళు ఆపి మళ్ళీ మొదలెట్టారు సరే. మనం ఆపితే మళ్ళీ మొదలెట్టేదెవరోయ్ యేసుకుమారూ? గ్రౌండుంచుకోండి. వచ్చే ఆదివారం నాకూ ఓ బ్యాటింగివ్వాలి. ఈసారి అటే పోతా" అన్నారు.

యేసుకుమార్ ఊపిరి పీల్చుకునేలోపే సంపూర్ణమ్మ సంచి దులిపింది. "ఆటయిపోయిందిగా. ఇక ఆ చైనా బేసిన్లు బయటికి తియ్యండి."

వెనకాల సంచులన్నీ ఒక్కసారి నోళ్ళు తెరిచాయి. తన ప్రసంగానికంత గిరాకీ ఎందుకొచ్చిందో యేసుకుమార్‌కి అప్పుడర్థమైంది.

జక్కయ్యగారే మైకందుకున్నారు. "అమ్మా, అందరూ వినండి. పొద్దున అన్నది బేస్‌బాల్, సంపూర్ణమ్మ విన్నది బేసిన్లు. ఇక్కడున్నవన్నీ బేసులే, బేసిన్ ఒక్కటీ లేదు."

"హోమ్ ప్లేటని ఒకటుందండి మామ్మగారూ" అంది వినీల, నేలమీది రబ్బరు ముక్క చూపించి. "కానీ అది మేమివ్వం."