అన్నీ నరాలే

పండరి మెడికల్ కాలేజీలో శవాలు కోసే హాలుకి అటెండరు. ఇరవై ఆరేళ్ల నౌకరి. చదివింది ఏడో తరగతి. అయినా చేతి మీద తోలు తీయగానే ఏది ఏమిటో చెప్పగలడు. మొదట్లో అతనికీ అందరిలాగే అన్నీ నరాలే. రక్తం పారేది నరం, కాలు తిమ్మిరెక్కితే నరం, మెడ పట్టేస్తే నరం. మన నోట్లో ఉన్నది ఆ ఒక్క మాటే.

రాజమౌళి సారు పాఠం చెబుతుంటే బకెట్టు పట్టుకుని నిలబడి నేర్చుకున్నాడు. గుండె నుంచి రక్తం తెచ్చేది ఆర్టరీ, అది కొట్టుకుంటుంది. తిరిగి తీసుకుపోయేది వెయిన్, అది కొట్టుకోదు. సూది వేయాల్సింది వెయిన్‌కే.

"ఆర్టరీ అంటే ఏంది సార్?" అని ఒకసారి అడిగాడు.

"గాలిగొట్టం. గ్రీకులు పెట్టిన పేరు. పీనుగులను కోస్తే అండ్ల రక్తం కనపడలే, గాలి పోతదనుకున్నరు."

"తప్పని తెలిసినంక మార్చలేదా?"

"పెద్దోళ్లు పెట్టిన పేరు ఎవడు మారుస్తడు పండరీ!"

పుస్తకంలో బొమ్మ ఒకటే. హాలుకొచ్చిన శవం ఏదీ ఆ బొమ్మలాగా లేదు. మోచేతి మడతలో ఆర్టరీ లోతుగా ఉండాలి. ఏ కొందరికో మాత్రం తోలు కిందే పాకుతుంది, అచ్చం వెయిన్‌లాగా. అలాంటి చేతులు పండరి చాలానే చూశాడు.

మొన్న వానల్లో కూతురు మహితకు జ్వరం, వాంతులు పట్టుకున్నాయి. మహిత కొత్తవాడలో జంపఖానాలు నేస్తుంది. మగ్గం మీద ఆమె పూలు దించుతుంటే చూడ్డానికి పక్క వీధివాళ్లు వచ్చేవాళ్లు. ఇంటికి దగ్గరని ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్పించారు. మధ్యాహ్నం సిస్టరు వచ్చి కుడి మోచేతి మడత తడిమింది.

"నరం మంచిగ దొరికింది. పిడికిలి పట్టు చెల్లె."

పండరి వంగి చూశాడు. తోలు కింద ఆ గీత ఎగిరెగిరి పడుతోంది. చెప్పాల్సిన మాట అతనికి తెలుసు. కానీ తెల్లకోటు ముందు నిలబడేసరికి, బకెట్టు మోసిన మనిషి నోట అమ్మ నేర్పిన మాటే వచ్చింది.

"సిస్టరమ్మా, జర ఆగు. ఆ నరం కొట్టుకుంటాంది."

"నరమన్నంక కొట్టుకోదా కాకా? కొట్టుకోకుంటే నీ బిడ్డ ఉంటదా?"

పక్క మంచం వాళ్లు నవ్వారు. మహిత కూడా నీరసంగా నవ్వింది. "బాపూ, నువ్వు పీనుగులకు డాక్టరువు. బతికినోళ్ల కాడ గమ్మునుండు."

గమ్మునున్నాడు. సూది దిగింది. ఎర్రగా మెరిసే రక్తం గొట్టంలోకి ఎగదన్నింది. "చూసినవా, ఎంత మంచిగ వచ్చిందో!" అంటూ సిస్టరు వాంతుల మందు ఎక్కించింది.

మహిత కేక వేసింది. వేళ్లు నిప్పుల్లో పెట్టినట్టుంది అంది. చూస్తుండగానే అరచెయ్యి సున్నంలా తెల్లబడింది.

"ఆర్టరీ! అమ్మా, అది ఆర్టరీ!" అని అరిచాడు పండరి. అప్పటికే మందంతా లోపలికి పోయి, వేళ్లకు రక్తం తెచ్చే దారిని మూసేసింది.

సిస్టరును తిట్టడం తేలికే. రోజుకు పన్నెండు గంటలు, నలభై మంచాలు, అన్నిటికీ ఆ పిల్ల ఒక్కతే. ఆమెకు పాఠం ఇంగ్లీషులో చెప్పారు, పరీక్ష ఇంగ్లీషులో పెట్టారు. మంచం దగ్గరికొస్తే ఆమెకూ ఉన్నది నరమే. రెండు వేల ఏళ్ల కిందటి తప్పుడు పేరైనా, అది నోటికొచ్చి ఉంటే చెయ్యి దక్కేది. మన నోటికి అదీ రానివ్వలేదు. పాపం అని వదిలేద్దామా? వదిలేస్తే ఇంకో చెయ్యి పోతుంది.

పండరి మాత్రం ఎవరినీ తిట్టలేదు. అతను తిట్టుకునే మనిషి ఒక్కడే.

మూడో రోజుకు వేళ్లు నల్లబడ్డాయి. ఆరో రోజు పెద్ద దవాఖానలో సర్జన్ మణికట్టు పైన పెన్నుతో గీత గీసి, కాగితం మీద తండ్రి సంతకం తీసుకుని పోయాడు.

"బాపూ, ఆనాడు నువ్వు సక్కగ చెప్తే సిస్టరు ఆగేదా?" అంది మహిత.

"ఆగేది."

ఆమె తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు. తిట్టలేదు. ఎడమ చేత్తో నల్లబడిన వేళ్లను ఒక్కొక్కటే తాకి చూసుకుంది.

"కోసినంక నా చెయ్యి యాడికి పోతది?"

హాలులో మిగిలిన ముక్కలను పసుపు సంచుల్లో కట్టి, కాల్చే బండికి ఎక్కించేది పండరే.

"నాకు తెల్వదు బిడ్డా," అన్నాడు.