ఎవరూ ముందు లేవని బంతి

సామర్లకోట దాటాక కాలువగట్టు మీద ఉన్న ప్రయోగశాలలో, ఆ పొద్దున కనకవల్లి రియాక్టరు గొట్టం మూత విప్పేసరికి లోపల భోజనాలు జరుగుతున్నాయి.

గొట్టం మామూలుగా మూరెడు పొడవు. ఇవాళ తొంగిచూస్తే చివర కనబడదు. మూత విప్పి గుమ్మంలోనే నిలబడిపోతే చుట్టాలు ఏమనుకుంటారు? కనకవల్లి చెప్పులు బయట విడిచి, కొంగు బిగించి, వంగి లోపలికి నడుస్తుంది. నాలుగడుగులు వేశాక వంగక్కర్లేకుండా పోతుంది.

ఆమె బాధేమిటో చెప్పకపోతే కథ ముందుకు సాగదు. వరి ఊకను గాలి చాలీచాలకుండా కాలిస్తే సిన్‌గ్యాస్ అనే వాయువు వస్తుంది. దాన్ని ఈ గొట్టంలో ఉన్న నల్లటి కేటలిస్టు గుళికల మీదుగా పంపిస్తే ఆల్కహాల్ అవుతుంది. కనకవల్లికి కావలసింది ఇథనాల్, అంటే రెండు కార్బన్‌లు చెయ్యీ చెయ్యీ పట్టుకుని వచ్చేది. గొట్టం ఇచ్చేదేమో మిథనాల్, ఒంటి కార్బన్‌ది. గుళికల్ని నానబెట్టింది, ఆరబెట్టింది, వేయించింది, రాగి పెంచింది, కోబాల్టు పెంచింది. ఎన్ని చేసినా ఒంటి కార్బనే. ఇవాళ మధ్యాహ్నం కమిటీ వస్తోంది. సీసాలో ఇథనాల్ కనబడకపోతే గొట్టం పీకించి పూలమొక్కలకు నీళ్లు పెట్టుకుంటామని ముందే కబురంపారు. ఆ గొట్టాన్ని కనకవల్లి సొంత బిడ్డలా సాకింది. దాని దగ్గు ఏదో, గురక ఏదో ఆమెకు తెలుసు.

లోపల గుళికలన్నీ పీటలై వరసగా వేసి ఉన్నాయి. ఒక పీట రాగిది, ఒక పీట కోబాల్టుది. కార్బన్‌లు నల్లపంచెలు కట్టుకుని, తలా ఒక ఆక్సిజన్‌ను గొడుగులా చంకన పెట్టుకుని వస్తున్నాయి. రాగి పీట మీద కూర్చున్నవాళ్లు గొడుగు దగ్గరే ఉంచుకోవచ్చు. కోబాల్టు పీట మీదవాళ్లు మాత్రం పక్కన పెట్టేయాలి. ఆ పక్కన పెట్టినవి కాసేపటికి నీళ్లై పారిపోతున్నాయి. ఎవరూ వెతుక్కోవడం లేదు.

వడ్డన హైడ్రోజన్‌లది. తూనీగల్లా తేలిగ్గా ఉన్నారు, కాలు నేలకు ఆనదు. విస్తట్లో మెతుకు కదిలిందంటే చాలు, ఇంకో గరిటె వేసేస్తున్నారు. రాగి పీట మీదాయన కడుపు నిమురుకుని, పక్కాయనకేసి చూడనైనా చూడకుండా, గొడుగు తీసుకుని అవతలి గుమ్మంలోంచి సీసాలోకి దిగిపోతున్నాడు. అదిగో, మిథనాల్.

కనకవల్లి అప్పుడే లేవబోతున్న ఒకాయన్ని ఆపుతుంది. పక్కవాళ్లు తింటుండగా లేవడం ఏం మర్యాదని నెమ్మదిగానే అడుగుతుంది.

ఆయన నొచ్చుకుంటాడు. "ఆగుదామనే కూర్చున్నానండి. మీ వాళ్లు ఆగనిత్తేగా? కడుపు నిండినోడు లేవక, విస్తరి కాపలా కాత్తాడాండి?"

కనకవల్లికి మొహం వేడెక్కుతుంది. వాళ్లది పిఠాపురం వైపు వంశం. చుట్టం చాలన్నాక కూడా, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాక కూడా, వేళ్ల సందుల్లోంచి వడ్డించకపోతే వాళ్లింట పరువు తక్కువ. ఆ చేత్తోనే ఆమె రోజూ పొద్దున్నే హైడ్రోజన్ వాల్వు ఇంకాస్త తిప్పుతూ వచ్చింది. చుట్టాలు ఆకలితో పోతారేమోనని బెంగ. పెట్టి పెట్టి పంపించేసింది అందరినీ.

బయటినుంచి ఆపరేటరు సత్తెన్న గొంతు వినబడుతుంది. "మేడం గారూ, కమిటీ కారు గేటు దాటిందండి. ఎనకాల స్పానర్లట్టుకుని ఇద్దరొత్తన్నారు."

"హైడ్రోజన్ వాల్వు కాస్త కట్టు, సత్తెన్నా."

"కట్టేత్తే సుట్టాలు ఆకలితో ఉంటారు కదండీ."

"ఉండనీ. ఆకలి ఉంటేనే కూర్చుంటారు."

వడ్డన మందగిస్తుంది. అయినా కొందరు లేవాలా వద్దా అన్నట్టు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఉన్నారు. బంతికి పెద్దదిక్కు ఉండాలి. పెద్దలు చెయ్యి కడిగేదాకా ఎవరూ కదలకూడదన్నది కార్బన్‌లకైనా తెలిసిన నియమమే. కనకవల్లి చుట్టూ చూస్తుంది. గోడ వార బూడిదరంగు చీరలో ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఈ విడత గుళికల్లో చిటికెడు వేసిన పొటాషియం. పిలిచారు గానీ పీట వేయలేదు.

"కూర్చోండి పెద్దమ్మా. పొరపాటైంది."

"నాకు పళ్లు లేవమ్మా. నెమ్మదిగా తింటాను. పరవాలేదా?"

"మీ ఓపిక."

ముసలావిడ బంతి మొదట్లో కూర్చుని ముద్ద కలుపుతుంది. కలుపుతూనే ఉంటుంది. వరస మొత్తం సర్దుకుని కూర్చుంటుంది. ఊరికే కూర్చుంటే నోరు ఊరుకుంటుందా? గొడుగు లేనాయన గొడుగున్నాయన్ని ఏ ఊరని అడుగుతాడు. ఊకలోంచి వచ్చామంటాడాయన. మేమూ ఊకేనంటాడీయన. ఏ చేలో ఊక, ఏ మిల్లు ఊక అని లాగితే బీరకాయపీచు చుట్టరికం బయటపడుతుంది. చేతులు కలుస్తాయి. ముసలావిడ చెయ్యి కడిగేసరికి, ఇద్దరేసి, ఒకే గొడుగు కింద, నవ్వుకుంటూ లేచి సీసాలోకి దిగుతారు.

గొట్టం చిన్నగా గురక పెడుతుంది. అది సంతోషం గురక.

కమిటీ చైర్మన్ దీక్షితులు గారు సీసా మూత తీసి వాసన చూస్తారు, మిషనులో పెట్టించి చూస్తారు. ఇథనాలే. అయినా ఒక బంతిని నమ్మి సంతకం పెట్టలేనని, రెండో బంతి కళ్లారా చూస్తానని పట్టుబడతారు. చూడాలంటే కూర్చోవాలి మరి. ఆయన వంగి గొట్టంలోకి వచ్చి, కోటు మడిచి కోబాల్టు పీట మీద కూర్చుంటారు. కమిటీ అంతా కూర్చుంటుంది. స్పానర్లవాళ్లు కాసేపు నిలబడి, విస్తళ్లు తమ ముందుకే వచ్చి పరుచుకునేసరికి వాళ్లూ కూర్చుంటారు.

"ఎంతసేపమ్మా?" అని దీక్షితులు గారు అడుగుతారు.

"పెద్దమ్మ ఇప్పుడే పప్పు కలిపారండీ."

ఇక గొట్టం పీకాలంటే ఎవరైనా లేవాలి. ముసలావిడ కంటే ముందు ఎవరూ లేవరు. దీక్షితులు గారు పక్కాయన్ని ఏ ఊరని అడుగుతారు, మాటల్లో తమ మేనత్త ఆడపడుచు కార్బన్‌ల ఇంటి కోడలని తేలుతుంది. ఆయన ఒక చేత్తో చుట్టం చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో సంతకం పెట్టి, పప్పులోకి నెయ్యి అడుగుతారు. గొట్టం ఉన్నచోటే ఉంటుందని ఆ సంతకం. సత్తెన్న వాల్వు వదిలి లోపలికి వచ్చి ఆయన పక్కన కూర్చుంటాడు.

వరస మూడేసి, నాలుగేసి, పదేసి చేతులై పెరుగుతుంది. గొట్టం చాలక గేటు దాటుతుంది. కాలువ మీది పడవలు వరసలో కూర్చుంటాయి. ప్యాసింజరు రైలు పట్టాల మీంచి దిగి, పెట్టెలన్నీ మఠం వేసుకుని, ఒక్కో కిటికీ ముందు ఒక్కో విస్తరి పరుచుకుంటుంది. కనకవల్లి గరిటె పట్టుకుని, ఒక్కొక్కరికీ కొంచెం కొంచెంగా, ఆకలి మిగిలేలా వడ్డించుకుంటూ కాకినాడ దాకా వెళుతుంది.

బంతి చివర సముద్రం అలలు పైకి దోపుకుని, పెద్ద ఒళ్లు ఇరికించుకుని, వరసలో కూర్చుంటుంది. ముసలావిడ ఇంకా మొదటి ముద్ద దగ్గరే ఉందని దానికీ కబురందింది. తొందరేం లేదంటుంది.

కనకవల్లి దానికి విస్తరి వేసి, నీళ్లు చల్లి, అలవాటు కొద్దీ మొదట ఉప్పు వడ్డించబోతుంది.

సముద్రం విస్తరి మీద చెయ్యి అడ్డం పెడుతుంది.

ఆమె మారు అడగదు. సరేనని పప్పు గిన్నె అందుకుంటుంది.