ఇంటికి ఒకే ఉత్తరం

ఆదివారం మధ్యాహ్నం మా మావయ్యగారి చారల కోటు ఇస్త్రీ చేస్తున్నాను. దాని తర్వాత నా మొగుడు ఆల్డెన్‌ది. వాళ్లిద్దరూ చదివిన యూనివర్సిటీలో ఒక్కో బ్యాచికీ ఒక్కో రంగు చారలు, వీపు మీద పాసైన సంవత్సరం. ఫుట్‌బాల్ ఆట రోజున డెబ్భై అయిదేళ్ల మావయ్యగారు కూడా అది తొడుక్కుని చిన్నపిల్లాడిలా ఊరేగుతారు. మేం భార్యలం వెనకాల సాండ్‌విచ్‌ల బుట్టలు మోస్తూ నడుస్తాం. "ఈ ఏడాది భార్యలకు టోపీలిస్తారట, కార్లా" అన్నాడు ఆల్డెన్, నాకేదో వరం తెచ్చినట్టు.

నేనూ అక్కడే చదివానన్న సంగతి ఈ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. వాటర్‌బరీలో మా నాన్న ఇత్తడి కార్ఖానాలో పనిచేసేవాడు. ఆ యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లు మా వంశంలో లేరు. నా మార్కులు చూసి, నేను రాసిన వ్యాసం చూసి రమ్మన్నారు, అంతే. నా నాలుగేళ్ల చదువులో మూడో ఏడు పూర్తయ్యేసరికి, నాకంటే ఒక ఏడాది ముందున్న ఆల్డెన్ చదువు అయిపోయింది. అతని ఆఖరి ఏడాది థీసిస్ నేను మూడుసార్లు తిరగరాస్తే గట్టెక్కింది. అతనికి చికాగోలో లా సీటొచ్చింది. పెళ్లి చేసుకుని వెళ్లిపోదామన్నాడు. "ఒక్క ఏడాదే కదా, ఎప్పుడైనా పూర్తి చేసుకోవచ్చు" అన్నారు మావయ్యగారు. ఆ ఒక్క ఏడాది ఇరవై రెండేళ్లయింది. చికాగోలో గుమాస్తా ఉద్యోగం చేసి ఇల్లు నడిపాను, తర్వాత కవలపిల్లలు పుట్టారు. ఆల్డెన్ తన బ్యాచికి కార్యదర్శి అయ్యాడు. అంటే ఎవరికి పెళ్లయింది, ఎవరు పోయారు అని ఉత్తరాలు రాసి కనుక్కుని పూర్వవిద్యార్థుల పత్రికకు పంపడం. పద్దెనిమిదేళ్లుగా ఆ పనంతా నాది, కింద పేరు అతనిది. మొన్న వసంతంలో అతన్ని పిలిచి వెండి పళ్లెం ఇచ్చారు. దాన్ని తోమేది కూడా నేనే.

ఇస్త్రీ బల్ల పక్కనే మా అమ్మాయి గ్రేటా అదే యూనివర్సిటీకి దరఖాస్తు నింపుతోంది. మా అబ్బాయి టోబిన్ తనది పొద్దున్నే నింపేశాడు. నవంబరు ఒకటి ఆఖరు తేదీ. తాత ఎక్కడ చదివాడు, తండ్రి ఎక్కడ చదివాడు అని అడిగే చోట టకటకా రాసిన పిల్ల ఒకచోట ఆగిపోయింది. తల్లి చదువు. టోబిన్ ఏం పెట్టాడో చూశాను. కింద ఇచ్చిన జాబితాలోంచి ఏరి 'కొంతకాలం కాలేజీ' అని పెట్టాడు. తప్పు రాశాడని అనలేను. కానీ నా ఒళ్లు మండింది. వాళ్ల నాన్న థీసిస్ మోసిన కాలం కూడా ఆ 'కొంతకాలం'లోనే ఉంది.

అప్పుడే మావయ్యగారు కోటు కోసం వచ్చారు. "టోబిన్ గురించి అడ్మిషన్ల ఆఫీసుకి సిఫార్సు ఉత్తరం రాసెయ్యమ్మా. ఎప్పట్లాగే నువ్వు రాసిపెట్టు, నేను సంతకం పడేస్తాను" అన్నారు. పాత విద్యార్థుల ఇంటి పిల్లలంటే సీటివ్వడంలో అక్కడ కాస్త మొగ్గు చూపుతారు, ఆయన పేరుతో ఇలాంటి ఉత్తరాలు తెలిసినవాళ్ల పిల్లలకి ఎన్నో రాశాను.

"మరి గ్రేటాకి?"

"ఇంటికి ఒకటే బాగుంటుంది. రెండు పంపితే రెండూ తేలిపోతాయి. దానికేం, తెలివైన పిల్ల, ఎక్కడైనా నెగ్గుకొస్తుంది. వీడికే కాస్త ఊతం కావాలి."

పిల్ల ఎదురుగానే అన్నారు. స్కూల్లో గ్రేటా మొదటిది. టోబిన్ లెక్కల్లో, కెమిస్ట్రీలో అత్తెసరు మార్కులతో బయటపడ్డాడు. వాడు చెడ్డవాడు కాడు, నా కొడుకే, కానీ చదవలేదు. తెలివైన పిల్ల! ఆ మాట నన్నూ అన్నారు. ఆడపిల్ల తెలివైనదైతే దానికి ఏమీ ఇవ్వక్కర్లేదు, దాని దగ్గరున్నదే ఇంకొంచెం తీసుకోవచ్చు. కూతురికి కూడా ఒక ఉత్తరం రాయాల్సిందేనని పోట్లాడదామని నోటిదాకా వచ్చింది. ఆగాను. ఈ ఇంటి నుంచి రెండు ఉత్తరాలు వెళ్తే అక్కడ బయట నిలబడిపోయేది ఎవరు? ఏ ఉత్తరమూ లేని ఇద్దరు. వాళ్లలో ఒకతె వాటర్‌బరీ నుంచి నాలాగే దరఖాస్తు రాసిన పిల్ల కావచ్చు. ఇన్నాళ్లూ ఈ చేత్తో ఎవరెవర్ని బయటికి నెట్టానో అనుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

మావయ్యగారు వెళ్లాక, తాత పేరు సాయం లేకుండా వెళ్తావా అని గ్రేటాని అడిగాను. "నా మార్కులతో చూస్తే చాలమ్మా" అంది. టోబిన్‌కీ ఆ సాయం ఉండదని దాచకుండా చెప్పాను. మొహం ముడుచుకుని గదిలోకి పోయాడు. సోమవారం పొద్దున ఉత్తరం నేనే రాసి, నేనే సంతకం పెట్టి, నేనే పంపాను. మా అత్తవారైన హాలోవెల్ వారింటి నుంచి ఇన్నేళ్లుగా మీకు వచ్చిన ఉత్తరాలన్నీ నేను రాసినవే, ఈసారి మా పిల్లలిద్దరి దరఖాస్తులూ తాత పేరు, తండ్రి పేరు కొట్టేసి చదవండి అని రాశాను. కింద, పుట్టింటి పేరుతో, కార్లా ఫుస్కో.

సాయంత్రం దాని నకలు ఆల్డెన్ చేతిలో పెట్టాను. చదవగానే మావయ్యగారికి ఫోన్ చేశాడు. ఆయన ఉన్నపళంగా వచ్చి, ఉత్తరం రెండుసార్లు చదివి, నేను గదిలో లేనట్టు కొడుకుతోనే మాట్లాడారు. పిచ్చి పట్టిందేమో కనుక్కోమన్నారు. ఆల్డెన్ నావైపు తిరిగాడు.

"కన్నకొడుకు దారి నువ్వే మూసేశావు. మన పేరు లేకుండా వాడు లోపలికెలా వెళ్తాడో చెప్పు."

"నేను వెళ్లినట్టే. నాకు ఏ పేరూ అక్కర్లేకపోయింది లోపలికి వెళ్లడానికి" అన్నాను. "మీ పేరు తగిలాకే బయటికొచ్చాను."