గాలి మింగిన మాట

బోనులో పడ్డ చీతాను కవరి చంపలేదు. ఎరగా ఉంచాడు.

మగ చీతాలు వచ్చి వాసన గుర్తులు వదిలిపోయే పెద్ద తుమ్మచెట్టు అది. చుట్టూ ముళ్లకంప కొట్టి, ఒక్క దారి విడిచి, ఆ దారిలో ఇనుప బోను పెట్టాడు. అక్కడి హెరెరో తెగ రైతులందరూ చేసే పనే. ఒకటి పడితే దాని తోడబుట్టినది వదిలిపోలేదు. పిలుస్తూ అక్కడక్కడే తిరుగుతుంది. అప్పుడు తుపాకీ.

పొదచాటున కవరి పక్కన అతని వదిన కౌనా కూర్చుంది. ఈమధ్య మృగాల పాలవుతున్న మేకలు ఆమెవి. ఆమెకు మిగిలిన ఆధారమూ అవే. భర్త మురంగి చనిపోయి, సంతాపపు నల్లగౌను తొడుక్కున్న నాటినుంచి కూర్చోమంటే కూర్చుంటోంది, రమ్మంటే వస్తోంది. నోరు మాత్రం విప్పడం లేదు.

"వదినా, అదుగో రెండోది," అన్నాడు కవరి గుసగుసగా.

గడ్డిలోంచి లేచిందది. పొడుగాటి కాళ్లు, చిన్న తల, పీక్కుపోయిన నడుము. కళ్ల మూలల నుంచి మూతిదాకా నల్లటి చారలు. పిట్టలా కిచకిచలాడింది. బోనులోంచీ పిట్టకూతే బదులొచ్చింది.

"ఇంత ఒళ్లుంది, గొంతు చూడు, కోడిపిల్లలా. అన్నయ్య గురకే నయం, దానికి దూడలైనా బెదిరేవి."

వదిన నవ్వుతుందేమోనని చూశాడు. నవ్వలేదు.

ఆమె పొద్దున మేకపిల్ల కళేబరాన్ని చూసింది. చెట్టుకొమ్మల మధ్య వేలాడుతోంది. కింద ఇసుకలో అడుగులకు గోళ్ల గుర్తుల్లేవు. చీతా అడుగైతే గోళ్లు పడతాయి. పైగా అది చంపినచోటే గబగబా తిని పోతుందే గానీ, మాంసాన్ని చెట్టెక్కించదు. ఇది చిరుత పని. చెప్పాలనుకుంది. కానీ మాట పైకి రావాలంటే ఎంతో లోతునుంచి తోడాలి. తరవాత చెప్పొచ్చులే అనుకుంది.

అంతలో దొడ్లో మేకలు గొల్లుమన్నాయి. అడ్డగాలిలో అత్త కేక ముక్కలై వచ్చింది.

"ఓంగ్వే... ఓంగ్వే..."

ఓంగ్వే అంటే చిరుత. ఓచితోతోంగ్వే అంటే చీతా. గాలిరోజున ఈ రెంటికీ తేడా ఉండదు.

"మూడోది దొడ్డిమీద పడిందన్నమాట," కవరి లేచాడు. "చీతాకి తుపాకీ ఎందుకు, చప్పట్లు చాలు. నువ్వు దీన్ని చూస్తుండు."

తుపాకీ ఆమె ఒళ్లో పెట్టి పరుగెత్తాడు.

"మరిదీ," అంది కౌనా. అతనికి వినపడలేదు. లేచి నిలబడింది. "ఓంగ్వే! కవరీ, ఓంగ్వే!"

"విన్నాలే!" వెనక్కి చూడకుండానే చెయ్యి ఊపాడు.

విన్నది నిండు మాటే. ఓచితోతోంగ్వేలో మొదటి సగం గాలి మింగిందనుకున్నాడు.

దొడ్డి కంపవారన కౌనాకు మచ్చల వీపు కనిపించింది. బలిసిన మెడ, పొట్టి కాళ్లు. నేలకు కరుచుకుని ఉంది. పారిపోయేది అలా నక్కదు. కవరి చప్పట్లు కొడుతూ నేరుగా దానిమీదికే పోతున్నాడు.

కౌనా తుపాకీ ఆకాశానికెత్తి పేల్చింది.

కవరి బోర్లాపడ్డాడు. చిరుత కంప దూకి వాగులోకి పోయింది.

తిరిగొచ్చినప్పుడు అతని పెదాలు తెల్లగా ఉన్నాయి.

"నన్నే కాల్చావనుకున్నా వదినా."

"చిరుత అని అరిచాను."

"అమ్మ కూడా అదే అరిచిందట. ఇప్పుడు మూడు తిట్లు తిట్టి మరీ చెప్పింది."

"పొద్దున్నే చూశాను. చెప్పలేదు."

కవరి బోను వైపు చూశాడు. పేలుడుకు పారిపోయిన చీతా అప్పటికే బోను దగ్గరికి తిరిగొచ్చింది.

"వీటినేం చేద్దాం?"

"మేకల్ని తిన్నవి ఇవి కావు."

"రేపు తినవా?"

"తిన్ననాడు చూద్దాం."

కౌనా వెళ్లి బోను తలుపు ఎత్తింది. బయటిది కాస్త ఎడంగా జరిగింది. లోపలిది వచ్చి దాని చెంపకు చెంప రాసింది. రెండూ గడ్డిలోకి వెళ్లి మాయమయ్యాయి. తన లోపల ఏదైనా కదులుతుందేమోనని కౌనా కాసేపు అక్కడే నిలబడింది. ఏమీ కదల్లేదు.

"తుపాకీ తన్నిన భుజం నొప్పెడుతోంది," అంది, అతను అడక్కుండానే.